రసీదు అడిగిన మాస్టారు

మాస్టారు పోయిన సంగతి నాకు పదకొండో రోజున తెలిసింది. తెనాలి నుంచి రోజూ బాపట్ల వచ్చే మా ఆఫీసు గుమస్తా ఒకాయన టిఫిన్ డబ్బా మూత తీస్తూ మామూలుగా అన్నాడు. "మీ టైపు మాస్టారు పోయారటండీ. నిన్న పదో రోజు కూడా అయిపోయింది." అప్పటికి నేను మిషను మీద కాగితం ఎక్కించి ఉన్నాను. మార్జిను సరిచూసుకుని ఆ ఉత్తరం పూర్తి చేశాను. ఒక్క తప్పు కూడా పడలేదు. తప్పు పడకుండా కొట్టడం నేర్పిన మనిషి ఆయనే.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన మాత్రం ఎదుటివాళ్ళ పేరు అడగకుండా వదిలేవారు కాదు. ముఖ్యంగా రోడ్డు మీద బండి ఆపిన పోలీసుల పేర్లు.

ఎనభైల చివర్లో నేను భట్టిప్రోలులో రేపల్లె పాసింజరు ఎక్కి, తెనాలి వెళ్ళి ఆయన దగ్గర టైపు నేర్చుకున్నాను. మారిస్‌పేటలో ఒక మేడ మీద ఆయన ఇన్‌స్టిట్యూట్. పది ఇంగ్లీషు మిషన్లు, ఒక్క తెలుగు మిషను. తెలుగు మిషను కిటికీ పక్కన ఉండేది కాబట్టి దాని మీద కూర్చున్నవాళ్ళకి కింద రోడ్డు మలుపు బాగా కనిపించేది. వారానికి ఒకట్రెండు సార్లు పోలీసులు ఆ మలుపులో నిలబడి బళ్ళు ఆపేవారు. మలుపు తిరిగేదాకా వాళ్ళు కనపడరు. వాళ్ళకి అది అనువైన చోటు.

మాస్టారిది పాత మోటారు సైకిలు. దాన్ని ఎంత నెమ్మదిగా నడిపేవారంటే సైకిళ్ళు దాటిపోయేవి. హారను కొట్టేవారు కాదు. "హారను కొట్టడమంటే ముందువాణ్ణి తిట్టడమే" అనేవారు. గేటు తీసి ఉన్నా సరే, రైలు పట్టాల దగ్గర దిగి, అటూ ఇటూ చూసి, బండి నడిపించుకుంటూ దాటేవారు. అలాంటి మనిషిని పోలీసులు ఆపడానికి కారణం ఉండదు. అయినా కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ ఎవరో ఒకరు తెలియక చెయ్యి ఎత్తేవాడు. మేం మిషన్లు ఆపి కిటికీ దగ్గర చేరేవాళ్ళం.

మాస్టారు బండిని ఎడమ పక్కకి తీసేవారు. ఇంజను ఆర్పేవారు. తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకుని, జేబుకి గుండీ పెట్టేవారు. బండికి స్టాండు వేసేవారు. కళ్ళజోడు తీసి, చేతిరుమాలుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఎదుటి మనిషి ఛాతీ మీద పేరు పలక ఉందో లేదో చూసేవారు. ఇదంతా అయ్యాక అప్పుడు "నమస్కారమండి" అనేవారు. ఈలోగా వెనక పది బళ్ళు ఆగేవి.

"లైసెన్సు."

"ఇస్తానండి. మీ పేరు పలక కనపడ్డం లేదు."

"నా పేరెందుకండీ మీకు?"

"నా పేరు మీకు లైసెన్సులో తెలుస్తుంది కదండీ. మీ పేరు నాకెట్లా తెలుస్తుంది?"

పాత హెడ్డు కానిస్టేబుల్ ఆయన్ని గుర్తుపట్టి పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. "మాస్టారూ, మీరు పదండి పదండి. వీడు కొత్తవాడు." అయినా మాస్టారు కదిలేవారు కాదు. "ఆపారు కదా, చూడండి" అని లైసెన్సు, బండి కాగితం, ఇన్సూరెన్సు వరసగా సీటు మీద పరిచేవారు. ఆ కొత్తవాడు చెయ్యి చాపబోతే మాత్రం అడ్డం పెట్టేవారు. "అడగండి, ఇస్తాను. లాక్కోకండి." ఆ మాట గట్టిగా అనేవారు కాదు. కొత్త పిల్లకి మొదటి రోజు వేళ్ళు ఏ అక్షరం మీద ఉంచాలో చెప్పే గొంతే అది.

మెట్లెక్కి పైకి వచ్చాక, "ఏం, మిషన్లు ఆగిపోయాయేంటి?" అనేవారు కోపంగా. కానీ పెదవి ఒక మూల కొంచెం వంగి ఉండేది. మేం చూస్తున్నామని ఆయనకి తెలుసు. మేం అలా చూడడం ఆయనకి ఇష్టమే. ఇప్పుడు ఆయన లేరు కాబట్టి ఈ మాట దాచాల్సిన పని లేదు. ఆయనలో ఆ కాస్త వేడుక ఉండేది.

ఆయన ప్లీడరు కాదు. పిట్టలవానిపాలెం దగ్గర పొలాలున్న కుటుంబం. వ్యవసాయం చేతకాక తెనాలి వచ్చి టైపు మిషన్లు పెట్టుకున్నారు. కొత్త మోటారు వాహనాల చట్టం వచ్చినప్పుడు విజయవాడ వెళ్ళి ఆ పుస్తకం కొనుక్కొచ్చి, గోధుమరంగు అట్ట వేసి, పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివారు. ఎందుకండీ అని అడిగితే, "అది మనకోసం రాసిందే కదమ్మా. మనం చదవకపోతే ఇంకెవరు చదువుతారు?" అన్నారు.

ఒకరోజు కర్లపాలెం వైపు రైతు ఒకాయన మోటారు సైకిలు వెనక నీళ్ళ ఇంజను పైపు కట్టుకుని వచ్చాడు. కానిస్టేబుల్ ముందుగా బండి తాళంచెవి పీకి గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాతే లైసెన్సు అడిగాడు. రైతు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాస్టారు పాఠం మధ్యలో ఆపి కిందికి దిగారు. ఏం మాట్లాడారో మాకు వినపడలేదు. కానిస్టేబుల్ గుప్పిట తెరిచి తాళం ఇవ్వడం మాత్రం కనపడింది. రైతు దాన్ని అందుకుని మాస్టారి వైపు కూడా చూడకుండా బండి తోసుకుంటూ పారిపోయాడు.

పైకి వచ్చాక ఆయన కిటికీలోంచి ఆ రైతు పోయిన వైపు చూశారు. తర్వాత అన్నారు: "నన్ను చూసి కూడా భయపడ్డాడు. తనకి ఏం హక్కుందో తెలిస్తే భయపడడు."

ఆ వారమే ఆయన ఒక పేజీ రాశారు. పైన "మీ బండి ఆపినప్పుడు" అని పేరు. తెలుగు మిషను మీద ఉన్నది నేను కాబట్టి నాకే ఇచ్చారు. అయిదు కార్బన్లు పెట్టి రోజుకి నాలుగు సార్లు కొట్టమన్నారు. అందులో ఉన్నది ఇంతే: యూనిఫారంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించి తీరాలి. మిగతా కాగితాలు ఆ సమయానికి దగ్గర లేకపోతే తర్వాత తెచ్చి చూపించడానికి గడువు ఉంటుంది. లైసెన్సు తీసేసుకుంటే రసీదు ఇవ్వాలి. తాళంచెవి లాక్కునే హక్కు ఎవరికీ లేదు. తిట్టకూడదు, కొట్టకూడదు. చివర్న ఒక వాక్యం ఉండేది: మర్యాదగా అడగండి, మర్యాద అడగండి. నా వేళ్ళకి ఆ పేజీ కంఠతా వచ్చేసింది. ఇప్పటికీ కళ్ళు మూసుకుని కొట్టగలను.

మాస్టారు ఆ కాగితాలు తెనాలి ఆటో స్టాండులోనూ, ఊరికి పోయేటప్పుడు బాపట్లలోనూ పంచారు. కొన్ని నాకిచ్చారు. "మీ అన్నయ్య రేపల్లెలో ఆటో తోలతాడన్నావు కదా. ఇవి వాళ్ళ స్టాండులో ఇమ్మను" అన్నారు.

మా అన్నయ్య రత్నం. అయిదో తరగతితో బడి మానేశాడు. మా అమ్మతోపాటు వరినాట్లకీ కోతలకీ వెళ్ళి, ఆ తర్వాత రేపల్లెలో ఒక ఓనరు దగ్గర ఆటో అద్దెకి తీసుకుని భట్టిప్రోలు, రేపల్లె మధ్య తిప్పేవాడు. నన్ను టైపుకి పంపించింది వాడే. ఆ రాత్రి వాడు అన్నం తింటుంటే నేను కాగితం చదివి వినిపించాను. వాడు నవ్వాడు.

"చెల్లీ, ఇది మీ మాస్టారు చదివితే వింటారు. నేను చదివితే?"

"నువ్వు చదివినా అదే కదన్నయ్యా. చట్టం అందరికీ ఒకటే." ఆ మాట నాది కాదు. మాస్టారిది. కానీ అన్నది నేను.

వాడు కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

నెల తిరక్కుండానే జరిగింది. పొద్దున పది గంటలు. రేపల్లెలో ఒక కాలేజీలో టైపిస్టు ఉద్యోగం ఉందంటే నేను వాడి ఆటోలోనే బయల్దేరాను. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూరగాయల గంపలతో ఎక్కారు. కాలవ వంతెన దాటగానే జీపు, ఇద్దరు కానిస్టేబుళ్ళు, జీపులో కూర్చున్న ఎస్సై. ఏ స్టేషనో రాయను. ఎస్సై మామూలు చొక్కాలో ఉన్నాడు.

కానిస్టేబుల్ చెయ్యి లోపలికి పెట్టి తాళం పీకాడు. అన్నయ్య దిగాడు. లైసెన్సు తీసి రెండు చేతులతో ఇచ్చాడు. కానిస్టేబుల్ చూసి జేబులో వేసుకున్నాడు.

"అయ్యా, లైసెన్సు తీసుకున్నారు కదండయ్యా. రసీదు ఇప్పించండి. తాళాలు ఇచ్చెయ్యండయ్యా, ఆడవాళ్ళున్నారు."

కానిస్టేబుల్‌కి అర్థం కాలేదు. జీపులోంచి ఎస్సై అరిచాడు. "ఏంటంట వాడికి?"

"రసీదంటండి సార్."

ఎస్సై దిగి వచ్చాడు. కోపంగా కూడా లేడు. "ఎవడు నేర్పాడ్రా నీకు?" అని అడిగాడు. అన్నయ్య జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. అతను నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివాడు. నేను కొట్టిన అక్షరాలు. అంత శ్రద్ధగా ఆ పేజీ చదివిన మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు.

"ఏం చదువుకున్నావ్?"

"అయిదండయ్యా."

"అయిదు చదివినోడికి ఇంత మంచి తెలుగు ఎక్కడిదిరా? ఎవరిచ్చారు?"

అన్నయ్య నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి వాడు మెడ ఎంత బిగపట్టాడో నాకు వెనక నుంచి కనిపించింది. "స్టాండులో ఎవరో పంచారండయ్యా. తెలీదు."

మొదటి దెబ్బ ఎడమ చెవి మీద పడింది. వాడు పడిపోలేదు. చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని, "కొట్టకూడదండయ్యా" అన్నాడు. ఆ పేజీలో ఉన్న మాటే. అప్పుడు రెండోది, అదే చెవి మీద. వాడు ఆటో ఇనపకమ్మీకి గుద్దుకుని కింద కూలబడ్డాడు. చెవిలోంచి రక్తం వచ్చి కాలరు తడిసింది. ఎస్సై కాగితాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు వేసి వాడి జేబులో పెట్టాడు. "ఉంచుకో. ఇదే నీ రసీదు."

నేను ఆటోలో కూర్చునే ఉన్నాను. దిగలేదు. గంపలవాళ్ళిద్దరూ దిగి నడిచి వెళ్ళిపోయారు.

అన్నయ్య మీద కేసు పెట్టారు. ఎక్కువమందిని ఎక్కించాడని, డ్యూటీలో ఉన్న పోలీసుకి అడ్డం తిరిగాడని. ఆటో స్టేషనులో పెట్టారు. మర్నాడు పొద్దున నేను తెనాలి వెళ్ళి మాస్టారికి చెప్పాను. ఆయన నన్ను కూర్చోమన్నారు. అందరినీ ఇళ్ళకి పొమ్మన్నారు. తెలుగు మిషను ముందు తనే కూర్చున్నారు. మూడేళ్ళలో ఆయన మా ముందు ఒక్క అక్షరం కొట్టగా చూడలేదు. తప్పులు దిద్దడమే తప్ప. ఆ రోజు ఆయన నాలుగు పేజీల ఫిర్యాదు కొట్టారు. మధ్య మధ్య ఆగి, "చెవి మీద ఎన్ని సార్లు?" "అప్పుడు నువ్వెక్కడున్నావు?" అని అడిగారు. రెండు చోట్ల తప్పు పడితే కాగితం లాగేసి మళ్ళీ మొదటి నుంచి కొట్టారు. చివర్న కళ్ళారా చూసిన సాక్షిగా నా సంతకం తీసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే ఆ మోటారు సైకిలు మీద ఆ స్టేషనుకి బయల్దేరారు. సైకిళ్ళు దాటిపోయే వేగంతో తెనాలి నుంచి అంత దూరం. నేను రైల్లో వచ్చి పోలీసు స్టేషను బయట చెట్టు కింద నిలబడ్డాను. ఆయన చాలాసేపటికి బయటికి వచ్చారు. లోపలికి వెళ్ళినప్పటి మనిషిలా లేరు.

"ఏమన్నారండీ?"

"కుర్చీ వేశారమ్మా."

నాకు అర్థం కాలేదు.

"ఎస్సై లేచి నిలబడి, కూర్చోండి మాస్టారూ అన్నాడు. టీ తెప్పించాడు. నేను కూర్చున్నాను. మీ ఊరేంటండీ, ఎవరి తాలూకండీ అని అడిగాడు. చెప్పాను. మా బాబాయి వాళ్ళు తెలుసట. ఫిర్యాదు చదివి, ఇవన్నీ మీకెందుకండీ అన్నాడు. రసీదు అడిగాను. ఇచ్చాడు." జేబులోంచి ఫిర్యాదు అందినట్టు ముద్ర వేసిన కాగితం తీసి చూపించారు. "వెంటనే ఇచ్చాడు. నవ్వుతూ ఇచ్చాడు. మీ అన్నయ్యని ఇది అడిగినందుకే కొట్టాడు."

ఇన్నేళ్ళూ రోడ్డు మలుపులో తన మాట నెగ్గింది చట్టం వల్ల కాదని ఆయనకి ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు తెలిసినట్టుంది. టీ తాగారా అని నేను అడగలేదు.

ఆయన వదల్లేదు. గుంటూరుకీ హైదరాబాదుకీ పెద్ద ఆఫీసులన్నిటికీ రిజిస్టరు ఉత్తరాలు పంపించారు. ఆరేడు నెలలకి విచారణ వేశారు. తెనాలిలోనే, ఒక ఆఫీసులో.

దానికి రెండు రోజుల ముందు ఆటో ఓనరు మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి నాతో అన్నాడు. "అమ్మాయ్, నువ్వు చూడలేదని ఒక్క మాట చెప్పు చాలు. కేసు తీసేస్తారు, లైసెన్సు ఇచ్చేస్తారు, ఆటో బయటికొస్తుంది. చూశానని చెప్తే మాత్రం మీవాడు ఈ రోడ్డు మీద బండి తోలడు. ఈ రోడ్డేంటి, ఏ రోడ్డు మీదా తోలడు."

మా అమ్మ రోజూ ప్రార్థన చేసే మనిషి. ఆదివారం గుడి తప్పదు. ఆవిడ అంది: "నిజం చెప్తే దేవుడు చూస్తాడు. పోలీసోళ్ళు కూడా చూస్తారు. నీ ఇష్టం."

అన్నయ్య మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "వద్దులే చెల్లీ" అన్నాడు. అంతే అన్నాడు.

విచారణ గదిలో మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోధుమరంగు అట్ట పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి, ధైర్యంగా ఉండు అన్నట్టు తల ఊపారు. గంపలవాళ్ళిద్దరూ అప్పటికే తమకేం తెలియదని చెప్పి వెళ్ళిపోయారు. ఆఫీసరు నా సంతకం ఉన్న కాగితం నా ముందు పెట్టాడు.

"ఇది నీ సంతకమేనా?"

"నాదేనండి."

"ఇందులో రాసినట్టు నువ్వు కళ్ళారా చూశావా?"

"లేదండి. నేను అటు తిరిగి కూర్చున్నానండి."

"మరి సంతకం ఎందుకు పెట్టావు?"

దీనికి జవాబు నాకెవరూ నేర్పలేదు. నేనే చెప్పాను. "పెట్టమంటే పెట్టానండి."

ఆఫీసరు మాస్టారి వైపు తిరిగాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "పెద్దవారు. చదువుకోవడానికి వచ్చిన ఆడపిల్లల చేత ఇట్లాంటి సంతకాలు పెట్టించడం బాగుంటుందా అండీ? మీరు ఇంకా చెప్పాల్సింది ఏమైనా ఉందా?"

మాస్టారు నా వైపు చూడలేదు. కళ్ళజోడు తీశారు. తుడవలేదు. చేతిలోనే పట్టుకున్నారు. "లేదండి" అన్నారు.

బయటికి వచ్చాక నేను ఏడుస్తున్నాను. ఆయన మోటారు సైకిలు స్టార్టు చెయ్యకుండా తోసుకుంటూ నా పక్కన రైలు స్టేషను దాకా నడిచారు. పాసింజరు వచ్చేదాకా బయట బండి దగ్గరే నిలబడ్డారు. నేను లోపలికి వెళ్ళబోతుంటే అడిగారు: "మీ అన్నయ్య లైసెన్సు ఇస్తామన్నారా అమ్మా?"

"అన్నారండి."

"సరే. జాగ్రత్తగా వెళ్ళు."

ఆ తర్వాత నేను ఆ మేడ ఎక్కలేదు. పరీక్షకి ఫీజు కట్టి ఉంది. హాల్ టికెట్టు ఆయనే పోస్టులో పంపించారు. పాసయ్యాను. బాపట్లలో ఉద్యోగం వచ్చింది. ఆ టైపు సర్టిఫికెట్టుతోనే వచ్చింది.

లైసెన్సు ఇచ్చారు, ఆటో వదిలారు. కానీ అన్నయ్యకి ఒక చెవి పూర్తిగా పోయింది. ఏ వైపు నుంచి హారను వినపడుతుందో తెలిసేది కాదు. ఒకసారి లారీ కిందికి పోబోయి తప్పించుకున్నాక ఆటో ఓనరుకి అప్పగించి, రైసుమిల్లులో కళ్ళం పనికి వెళ్ళాడు. ఏది కాపాడడానికి నేను అబద్ధం ఆడానో అది ఏడాది కూడా నిలవలేదు.

మాస్టారిని మళ్ళీ ఒక్కసారే చూశాను. తొంభైల మధ్యలో, కర్లపాలెం దాటాక, బాపట్ల పోయే బస్సులో ఉన్నాను. ముందు బళ్ళు ఆపుతున్నారు. బస్సు వరసలో ఆగింది. కిటికీలోంచి చూస్తే ఆ పాత మోటారు సైకిలు. వెనక సీటు దిగి భార్య ఎండలో కొంగు కప్పుకుని నిలబడి ఉంది. ఇరవయ్యేళ్ళ కానిస్టేబుల్ ఒకడు చెయ్యి చాపి తాళంచెవి పీక్కున్నాడు. ఇప్పుడు ఆయన జేబు తడుముకుంటారు, పేరు పలక చూస్తారు, ఆ మాట అంటారు అనుకున్నాను.

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

కానిస్టేబుల్ కాగితాలు లాక్కుని, చూడకుండానే తిప్పి, ఇంకెవరితోనో కబుర్లలో పడ్డాడు. అంతసేపూ ఆయన అట్లాగే ఉన్నారు. మా బస్సు కదిలేముందు కానిస్టేబుల్ తాళం ఆయన వైపు విసిరాడు. అది కింద పడింది. ఆయన వంగి తీసుకున్నారు. "పో పెద్దాయనా, పో" అన్నాడు కానిస్టేబుల్. నేను కిటికీలోంచి పిలవొచ్చు. పిలవలేదు. ఆయన తల ఎత్తి బస్సు వైపు చూసేసరికి ముందు సీటు చాటుకి వంగాను.

చావు కబురు తెలిసిన మర్నాడు సెలవు పెట్టి తెనాలి వెళ్ళాను. మేడ మీద కంప్యూటర్ల బోర్డు ఉంది. ఇంట్లో ఆయన భార్య నన్ను గుర్తుపట్టలేదు. భట్టిప్రోలు అని చెప్పగానే ఆవిడ ముఖం మారింది.

"అటువైపు రైసుమిల్లులో మీకు ఎవరన్నా ఉన్నారా అమ్మా? ఆయన ఏటా ఒకసారి అక్కడికి వెళ్ళొచ్చేవారు. ఎందుకండీ అంటే చెప్పేవారు కాదు. వచ్చిన రోజు అన్నం తినేవారు కాదు. కిందటేడు నడవలేకపోయినా రైల్లో వెళ్ళారు."

నేను లేచాను. తిన్నగా స్టేషనుకి వచ్చి పాసింజరు ఎక్కాను.

అన్నయ్య కళ్ళంలో వడ్లు తిరగేస్తున్నాడు. మాస్టారు పోయారని వాడికి వినపడే వైపు నిలబడి చెప్పాను. వాడు పని ఆపలేదు.

"ఏటా వచ్చేవారటగా నీ దగ్గరికి. నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పొద్దన్నాడు."

"వచ్చి ఏం చేసేవారు?"

"మొదటిసారి వచ్చినప్పుడు నన్ను క్షమించవయ్యా అన్నాడు. ఆ గట్టు మీద కూర్చున్నాడు. నేనేం అనలేదు. చాలాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు. మళ్ళా ఏడు మళ్ళా వచ్చాడు. ఈసారి ఏం అడగలేదు. ఊరికే కూర్చున్నాడు. నేనన్నా నోరు తెరుస్తానని చూసేవాడు. అట్టా వస్తానే ఉన్నాడు."

"పెద్దాయన. పోనీలెండి అని ఒక్క మాట అనలేకపోయావా అన్నయ్యా?"

"రాలేదు చెల్లీ. అనాలనే అనుకునేవాణ్ణి. నోట్లోంచి రాలేదు."

వాడు వడ్లు నెట్టుకుంటూ కళ్ళం చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. అడగకుండా వెళ్ళిపోవాల్సింది. అడిగాను.

"నా మీద కూడా కోపం ఉందా?"

వాడు మొదటిసారి పని ఆపాడు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి, నా ముఖంలోకి చూశాడు. వాడి గొంతులో కోపం లేదు.

"వద్దని నేనే అన్నానులే" అన్నాడు. "అన్నాను గానీ, నువ్వు చెప్తావనుకున్నాను."